తిన్నావా అంటే లేదన్నాడు

మత్తు డాక్టరుకు పేరు రాదు. మీరు ఈ శాఖలోకి రావాలనుకుంటే ముందు ఈ సంగతి గట్టిగా మనసులో పెట్టుకోండి పిల్లలూ. కోసినవాడికి దండలు, కుట్టినవాడికి దండాలు. మనం ఎదురుపడితే మాత్రం పేషెంటు పక్కవాళ్ళను "ఈయమ్మ ఎవురు?" అని అడుగుతాడు. మనతో మాట్లాడిన ఆ రెండు ముక్కలూ మనమిచ్చిన మందుతోనే మరిచిపోతాడు, ఆయన తప్పేముంది! అనంతపురం పెద్దాసుపత్రిలో జుట్టు నెరిసేదాకా పనిచేసి రిటైరయ్యాను. ఆ తర్వాత బజారులో నన్ను గుర్తుపట్టి పలకరించిన పేషెంటు ఒక్కడంటే ఒక్కడే. కూరగాయల బండి దగ్గర నేను వంకాయలు ఏరుతుంటే, రోడ్డు అవతలి నుంచి వీధంతా వినపడేలా "ఏం మేడమ్మా, ఏమన్నా తిన్యావా?" అని కేకేశాడు. బండివాడు ఇదేం పలకరింపు అన్నట్టు చూశాడు. నేను మాత్రం పడీపడీ నవ్వాను. ఆ మనిషి నన్ను గుర్తుపెట్టుకున్నది నేనిచ్చిన మత్తు వల్ల కాదు, ఇవ్వకుండా ఆపిన మత్తు వల్ల. ఆ సంగతే చెబుతాను.

మన ఉద్యోగమంతా ఒక్క ప్రశ్న మీద నిలబడి ఉంటుంది: "ఏమైనా తిన్నావా?" కడుపులో ఏదైనా ఉంటే మత్తులో అది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లో పడుతుంది, మనిషి దక్కడు. అందుకని టేబుల్ మీదికి ఎక్కించేముందు ఎన్నిసార్లయినా అడుగుతాం. పుస్తకాల్లో ఈ ప్రశ్నకు రెండే జవాబులు, తిన్నాననీ తినలేదనీ. ఆ పుస్తకాలు రాసినవాళ్ళెవరూ అనంతపురం వచ్చినట్టు లేరు.

మా దగ్గర తినడమంటే అన్నమో సంగటో తినడం. మిగిలినవన్నీ వేరే ఖాతా. ఒకాయన హెర్నియా ఆపరేషన్‌కు వచ్చి, "ఏమీ తినలేదు మా" అని దేవుడి మీద ఒట్టేశాడు. పొట్ట చూస్తే బిందెలా ఉంది. నిలదీస్తే "ఉగ్గాని తిన్యా, అంతే" అన్నాడు. బొరుగుల ఉప్మా, అంతేనట! "బొరుగులు తిండెట్లయితాది మా, అంతా గాలే గదా" అని నన్నే కసురుకున్నాడు. ఇంకొకామెను "నీళ్ళు కూడా తాగొద్దని చెప్తిమి కదమ్మా" అంటే, "నీళ్ళు తాగలేదు మా, కాఫీ తాగినా" అంది. అబద్ధమాడిందని ఆమెను అనగలమా? నేను గోరంట్ల వైపు పుట్టి పెరిగినదాన్ని కాబట్టి ఈ మెలికలన్నీ నాకు తెలుసనుకునేదాన్ని. అడగడంలో నన్ను మించినవాళ్ళు లేరని జూనియర్ల ముందు కోతలు కూడా కోసేదాన్ని. ముదిగుబ్బ వైపు నుంచి వచ్చిన ఒక గొర్రెల కాపరి ఆ కోతలన్నీ కట్టిపెట్టించాడు.

అప్పట్లో మా ఆసుపత్రికి కోస్తా నుంచి ఒక సర్జన్ గారు బదిలీ మీద వచ్చారు. నాకంటే చాలా చిన్నవాడు, చెయ్యి మాత్రం బంగారం. అన్నవాహిక, క్లోమం లాంటి ప్రాణాంతకమైన ఆపరేషన్లు పెద్ద ఊళ్ళో నేర్చుకుని వచ్చాడు. అంతకుముందు అలాంటి కేసు వస్తే మేము చీటీ రాసి బెంగళూరుకు పంపించి చేతులు దులుపుకునేవాళ్ళం. ఈయన వచ్చి "ఇక్కడే చేద్దాం మేడం" అన్నాడు. నాకు బీపీ మొదలైంది కూడా ఆ పూటే.

ఆయనతో ఒకటే ఇబ్బంది, మా భాష రాదు. తెలుగే కదా అంటారా? యాడ, ఈడ, ఉండాది, ఇవన్నీ తొందరగానే పట్టుకున్నాడు. "పాయ" అన్న మాట దగ్గర మాత్రం ఆయన పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. పోయింది అనడానికి మా జిల్లాలో వాడే ఆ మాట లేకుండా పొద్దు గడవదు. వాన పాయ, శెనక్కాయ పాయ, బోరు పాయ, కరెంటు పాయ, బస్సు పాయ. ఆసుపత్రి వరండాలో ఎవరైనా "పాయ!" అని కేక వేస్తే ఆయనకు మాత్రం ప్రాణం పోయినట్టే లెక్క. ఒకసారి నా ఎదురుగా టీ తాగుతూ, గ్లాసు వదిలేసి, స్టెతస్కోపు లాక్కుని పరుగెత్తాడు. తీరా చూస్తే ఒక ముసలమ్మ చెప్పు పోగొట్టుకుంది. పాపం, ఆయనే వంగి మంచాల కింద వెతికిపెట్టి వచ్చాడు. ఆ రోజంతా నేను ఆయన్ను "చెప్పు దొరికిందా సార్" అని ఏడిపించాను.

ఇక మన కాపరి. పొడుగ్గా, ఎండుకట్టెలా ఉన్నాడు. గొర్రెల వెంట తిరిగి తిరిగి కాళ్ళు నల్లబడి గట్టిపడ్డాయి. పక్కన ఆయన భార్య. ఎత్తు ఆయనలో సగం, గొంతు ఆయనకు రెండింతలు. జబ్బు సంగటి ముద్దతో బయటపడింది. సంగటిని నమలరు, మింగుతారు. ఉండ చేసి పులుసులో అద్ది గుటుక్కుమనిపించడమే. ఆ ఉండ ఒకరోజు రొమ్ము మధ్యలో నిలబడిపోయింది. నీళ్ళు తాగితే దిగింది. కొన్నాళ్ళకు నీళ్ళకూ దిగలేదు. తర్వాత అన్నం ఆగింది, ఆ తర్వాత జావ కూడా సతాయించడం మొదలుపెట్టింది. భార్యకు వేరే అనుమానం. "నాకు జెప్పకుండా యాడనో పొట్టేలు కోసినకాడ తినింటాడు మా, బొమిక ఇరుక్కున్యాది" అని ఓపీలో అందరి ముందూ కేసు పెట్టింది. ఆయన "నీ మీదొట్టే, నేను తినలేదే" అని మొత్తుకుంటున్నాడు. గొట్టం వేసి లోపల చూస్తే బొమిక కాదు, గడ్డ. క్యాన్సర్. ఆమె పొట్టేలు నిందను వెనక్కి తీసుకుంటున్నట్టు ఆయన భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

సర్జన్ గారు బొమ్మ గీసి మరీ అంతా వివరించారు. కాపరి ఓపికగా విన్నాడు. చివర్లో ఒక్కటే అడిగాడు.

"మల్ల నేను సంగటి తింటానా సార్?"

"తింటావు" అన్నాడు మా సర్జన్. అంత తొందరగా మాట ఇచ్చేశాడేమిటని నేను ఆయన మోకాలు తన్నబోయాను, బల్ల అడ్డం వచ్చింది.

ఆపరేషన్ ఎలా చేస్తారో మీరు చదువుకునేదే కాబట్టి రెండు ముక్కల్లో చెబుతాను. జబ్బుపడిన అన్నవాహికను తీసేస్తారు. పొట్టను గొట్టంలా కుట్టి, ఛాతీ లోపలినుంచి పైకి లాగి, మెడ దగ్గర మిగిలిన గొట్టానికి అతికిస్తారు. మేము పొట్ట మీదా మెడ దగ్గరా కోసి పని కానిచ్చాం, ఛాతీ తెరవలేదు. ఎన్నో ఏళ్ళ బీడీలు ఆయన ఊపిరితిత్తులను అప్పటికే పాడుచేసేశాయి. "ఛాతీ తెరిచే మాటయితే నన్ను అడగొద్దు సార్. మెషిన్ మీద పెట్టగలను, తియ్యగలనో లేదో తెలీదు" అని నేను ముందే తెగేసి చెప్పాను. అంతా సవ్యంగా జరిగింది. మెడ పక్కన ఒక సన్నటి గొట్టం, దాని చివర చిన్న సీసా, లోపల ఊరేది ఏదైనా అందులోకి వస్తుంది. పొట్టలోకి ఇంకో గొట్టం, ఆహారమంతా అందులోంచే.

భయమంతా ఆ మెడ దగ్గరి అతుకుతోనే. అది పూర్తిగా అతికేదాకా నోటినుంచి ఏమీ లోపలికి పోకూడదు. కొన్నాళ్ళాగి నీలిరంగు కలిపిన నీళ్ళు ఒక గుక్క తాగిస్తాం. సీసాలోకి నీలం రాకపోతే గెలిచినట్టు. వస్తే అతుకు కారుతున్నట్టు.

ఐసీయూ నుంచి వార్డుకు పంపించేటప్పుడు సర్జన్ గారు భార్యను పిలిచి, వేలు చూపించి మరీ చెప్పారు. "ఏమీ తినకూడదు. ఏమీ తాగకూడదు. చుక్క నీళ్ళు కూడా. అర్థమైందా?" ఆమెకు అర్థమైంది. ఎంత బాగా అర్థమైందంటే, మందకు కాపలా ఉన్న కుక్క కూడా ఆ మంచానికి అంత కాపలా కాసి ఉండదు. బిస్కెట్ పొట్లాం తెచ్చిన బంధువులను వాకిట్లోంచే తరిమేసింది. టెంకాయ నీళ్ళు తెచ్చిన మరదల్ని "నా మొగున్ని సంపేకొచ్చినావా" అని గుడ్లురిమింది. పక్క మంచం ఆయన టిఫిన్ పొట్లాం విప్పితే, "ఓన్నా, అట్ల తిరుక్కోని తిను. ఈయప్ప సూస్తే నోరూరదా?" అని గోడవైపు తిప్పించింది. వార్డు మొత్తంలో ఇంత క్రమశిక్షణ గల మనిషి లేదని సర్జన్ గారు మురిసిపోయారు.

అదే సమయంలో మా హెడ్ సిస్టర్‌కు ఇంకో తలనొప్పి వచ్చిపడింది. తనిఖీకి పెద్దవాళ్ళెవరో వస్తారని సర్జికల్ వార్డు వెనక గోడకు కొత్తగా తెల్ల సున్నం కొట్టించారు. ఒక సాయంత్రం ఎవరో ఆ గోడ మీద ఎర్రగా ఉమ్మి పోశారు. సిస్టర్ అనుమానం సెక్యూరిటీ ఆయన మీద. "నా నోరు సూడు సిస్టరమ్మా, నాకేం అలవాటు లేదు" అని ఆయన నోరు తెరిచి చూపించినా ఆమె నమ్మలేదు. దొంగను పట్టుకుని, వాడిచేతే గోడ కడిగిస్తానని శపథం పట్టింది.

ఆ మర్నాడు పొద్దున రౌండ్స్ మొదలవుతున్నాయి. నేను ఆపరేషన్ థియేటర్ వైపు పోతున్నదాన్ని, వార్డులోంచి కేక వినపడింది.

"పాయ! నా మొగుడు పాయ!"

సర్జన్ గారు నా పక్కనుంచే దూసుకుపోయారు. "చెప్పు చూడండి సార్" అనబోయి, ఆ గొంతు కాపరి భార్యదని తెలిసి, నేనూ పరుగెత్తాను. ఈసారి చెప్పు కాదు. మెడ దగ్గరి సీసా ఎర్రగా ఉంది. అంతకుముందు రోజు లేత పసుపుగా ఉన్నది, ఇప్పుడు ఎర్రెర్రగా సగానికి పైగా నిండి, గొట్టంలోంచి ఇంకా దిగుతోంది. ఆమె మంచం కోడు పట్టుకుని కింద కూలబడింది. కాపరి ఏం జరుగుతోందో తెలియనట్టు మమ్మల్ని ఒక్కొక్కరినే చూస్తున్నాడు.

సర్జన్ ముఖంలో రక్తం లేదు. అది కూడా ఆ సీసాలోకే పోయినట్టుంది.

"ఛాతీ లోపల ఎక్కడో రక్తనాళం తెగింది మేడం. అన్నవాహికను తీసిన చోటే. వెంటనే తెరవాలి."

"ఎక్కడ తెరుస్తారు?"

"ముందు మెడ. అక్కడ దొరక్కపోతే ఛాతీ."

"ఆ ఊపిరితిత్తులతోనా? మనం ముందే అనుకున్నాం కదా సార్."

"తెరవకపోతే ఈ పూటకే పోతాడు. అప్పుడేం చేద్దాం, చెప్పండి?"

నేను నాడి చూశాను. మామూలుగా ఉంది. బీపీ నాకంటే నయంగా ఉంది. అంత రక్తం పోయినవాడి చేతులు చల్లబడాలి, చెమట పట్టాలి. ఈయన చేతులు వెచ్చగా ఉన్నాయి. అదే చెప్పాను. "ఎండలో వానలో తిరిగిన ఒళ్ళు మేడం, చివరిదాకా తట్టుకుని ఒక్కసారిగా పడిపోతారు, చూశాను నేను" అన్నాడాయన. అదీ నిజమే. ఇద్దరం వార్డు మధ్యలో నిలబడి, పేషెంట్లందరూ వింటుండగా వాదించుకున్నాం.  తెరిస్తే నా చేతుల్లో పోతాడు, తెరవకపోతే ఆయన చేతుల్లో పోతాడు. ఎవరి చేతుల్లో పోయినా, మళ్ళీ సంగటి తింటావని ఆయన మాట ఇచ్చినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. చివరికి రక్తం తెప్పించమని, ట్రాలీ తెమ్మని చెప్పి, నేనూ సరేనన్నాను. నా పని నేను మొదలుపెట్టాలి కదా. మంచం దగ్గరికి పోయి వంగి నా ప్రశ్న అడిగాను.

"ఏమప్పా, ఏమన్నా తిన్యావా?"

"లేదు మా."

"తాగినావా?"

"లేదు మా. సుక్క నీల్లు గూడా తాగలే."

"ఏమ్మా, పెట్టినావా ఏమన్నా?"

భార్య ఏడుపు ఆపి, నన్ను కొట్టేటట్టు చూసింది. "నేనెందుకు పెడతా మా? ఆ సారు జెప్పినాక నా ఉమ్మి గూడా నేను బయంగా మింగుతాండా!"

బాగుంది. అడగడంలో నన్ను మించినవాళ్ళు లేరు కదా, రెండు రకాలుగా అడిగేశాను, జవాబు వచ్చేసింది. ట్రాలీ వచ్చి మంచం పక్కన ఆగింది. ఇక మిగిలింది ఒక్కటే. గొంతులోకి మా గొట్టం వెయ్యడానికి దారి ఎలా ఉందో చూడాలి. ఆపరేషన్ అయినాక గొంతు వాచి ఉండవచ్చు.

"నోరు తెరువు పెద్దాయనా. బాగా పెద్దగా."

తెరిచాడు.

నాలుక ఎర్రగా ఉంది. పళ్ళు ఎర్రగా ఉన్నాయి. చిగుళ్ళు, బుగ్గల లోపలంతా ఎరుపే. నోట్లోంచి కూడా రక్తం వస్తోందేమోనని ఇంకా దగ్గరికి వంగాను. అప్పుడే వాసన తగిలింది. ఆ వాసనలో పుట్టి పెరిగినదాన్ని పిల్లలూ, మా అవ్వ ఒడిలో పడుకుంటే వచ్చేది అదే వాసన. ఆకు, వక్క, సున్నం.

"ఇదేందప్పా?"

"ఏంది మా?"

"నోట్లో ఏంది ఇది?"

"అదా! వక్కాకు మా."

"ఏమీ తినలేదంటివి కదప్పా?"

"తినలేదు మా" అన్నాడు, ఎంతో ఓర్పుగా. "ఏసుకున్యా."

నేను భార్య వైపు తిరిగాను. ఆమె కూడా అంతే అమాయకంగా, ఇంత చదువుకున్నదానికి ఇది కూడా తెలీదా అన్నట్టు చూసింది. "వక్కాకు యాడన్నా తింటారా మా? ఏసుకుంటారు గానీ. నోరు సేదుగా ఉండాదంటే నలగ్గొట్టి ఇచ్చినా. మింగొద్దు, ఉమ్మేయల్ల అని జెప్పినా. డబ్బా గూడా పెట్టినా!"

మంచం కింద నుంచి ఒక రేకు డబ్బా తీసి చూపించింది. అందులో నిండా ఎరుపు. సరిగ్గా అప్పుడే హెడ్ సిస్టర్ రక్తం సంచీతో లోపలికి వస్తోంది. డబ్బాను చూసింది, కిటికీని చూసింది, గోడ ఎటువైపుందో లెక్క వేసుకుంది. "దొరికినారా!" అని అరిచిన అరుపుకు ట్రాలీ తోసేవాడు ట్రాలీ వదిలేశాడు.

సర్జన్ గారికి ఇదంతా అర్థం కాలేదు. "వక్కాకు అంటే?" అని నన్ను అడిగాడు.

"తాంబూలం సార్. మీ ఊళ్ళో కిళ్ళీ."

ఆయన మెల్లగా సీసా విప్పి, కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. రక్తమైతే గడ్డ కట్టాలి. ఇది నీళ్ళలా కదులుతోంది. గొట్టం లోపల గోడకు అంటుకుని ఆకుపచ్చగా ఏదో నలుసు. తమలపాకు తునక. మెడలోంచి వచ్చిన సీసాలో తమలపాకు! ఆయన ముఖం మీద ఒకదాని వెంట ఒకటి రెండు రంగులు మారాయి. రక్తం కాదు, ఛాతీ తెరవక్కర్లేదు, మనిషి దక్కాడు. ఆ సంతోషం ఒక్క క్షణం నిలిచింది. మరు క్షణం ఆలోచన వచ్చింది: నోట్లో రసం మెడలోంచి సీసాలోకి ఎలా వచ్చింది? దారి ఉంటేనే కదా!

"నా అతుకు కారుతోంది మేడం" అన్నాడు నీరసంగా.

"కారుతోంది సార్. మీరు నీలంతో చూద్దామనుకున్న పరీక్ష, ఆయన ఎరుపుతో ముందే చేసుకున్నాడు. ఫలితం కూడా చేతిలో పెట్టాడు."

ఆయన ఏడవాలో నవ్వాలో తెలియక స్టూలు మీద కూర్చున్నాడు. మొదట నవ్వింది ఆయనే. నేను ఆయన వెనకాల.

అనుమానం తీరడానికి, నోరు బాగా పుక్కిలింపించి నీలం నీళ్ళు కూడా ఒక గుక్క ఇచ్చి చూశాం. కాసేపటికి సీసాలో నీలం దిగింది. ట్రాలీ ఖాళీగా వెనక్కి వెళ్ళిపోయింది. మెడ దగ్గర కారే అతుకుకు మళ్ళీ మత్తు, మళ్ళీ పెద్ద కోత అక్కర్లేదు. సర్జన్ గారు మంచం మీదే మెడ కుట్లు రెండు విప్పి, లోపలిది బయటికి రావడానికి దారి చేశారు. రోజూ కట్టు మార్చడం, పొట్ట గొట్టంలోంచే పాలూ జావా పోయడం, మిగిలింది ఓపిక పట్టడం. చాలామందికి అదే పూడిపోతుంది.

నిందంతా తనదేనని భార్య అనుకుంది. ఎవరూ లేనప్పుడు వరండాలో నా చెయ్యి పట్టుకుంది. ఆ పెద్ద గొంతు ఎక్కడికి పోయిందో, వినపడీ వినపడనట్టు మాట్లాడింది.

"నేనే నా మొగున్ని సంపబోయినా గదా మా?"

"లేదమ్మా. ఆ కుట్టు ముందే వదిలిండాది. మనిషి ఉమ్మి మింగకుండా ఉండలేడు, అది తెల్లగా కారుతాంటే మాకు తెలీకుండా లోపలే చీము పట్టిండేది. నువ్వు దానికి రంగేసి మాకు సూపించినావు, అంతే."

"నిజంగానా మా?"

"నిజంగానే. మల్ల మాత్రం ఇయ్యద్దు తల్లీ. నీకు దండం పెడతా."

నేను ఆమెకు ధైర్యానికి చెప్పలేదు, నిజమే చెప్పాను. చెప్పి ఇటు తిరిగి నేనూ కళ్ళు తుడుచుకున్నాను. ఆ పొద్దున నోరు తెరవమనకుండా ట్రాలీ ఎక్కించి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

కాపరికి మాత్రం పశ్చాత్తాపం గాలి కూడా సోకలేదు. ఈ జబ్బు వచ్చిందే బీడీల వల్లా ఆ వక్కాకు వల్లా అని, రెండూ ఇక ముట్టుకోవద్దని నేను క్లాసు పీకుతుంటే, "వక్కాకే గదా మా నన్ను కాపాడింది?" అన్నాడు.  నేను అన్నాను, "గొర్రెల్ని ఎత్తుకపోయిన దొంగే పోలీసుకు ఫోన్ చేసినాడనుకో. వాన్ని తెచ్చి మందకు కాపలా పెట్టుకుంటావా?"  "పెట్టుకోను మా" అని దిగులుగా ఒప్పుకున్నాడు. ఆ వక్కాకు తిత్తిని భార్య అక్కడికక్కడే సిస్టర్ చేతికి అప్పగించింది. గోడ ఎవరు కడిగారని అడగొద్దు. సెక్యూరిటీ ఆయనకు సిస్టర్ టీ ఇప్పించి సారీ చెప్పడం మాత్రం నేను నా కళ్ళతో చూశాను.

కట్టు మార్చినప్పుడల్లా మెడలోంచి ఉమ్మి ఊరి బయటికి వచ్చేది. చూసేవాళ్ళు ముఖం తిప్పుకునేవాళ్ళు. ఆయన మాత్రం "ఉమ్ముకునే పని గూడా తప్పె, దానంతట అదే వస్తాండాది" అని మమ్మల్నే నవ్వించేవాడు. అలా వారాలు గడిచాయి. రంధ్రం రూపాయి బిళ్ళంత నుంచి గింజంత అయింది, గింజంత నుంచి సూదిబెజ్జమంత. నీలం పరీక్ష మళ్ళీ చేసిన రోజు సర్జన్ గారు మెడ కట్టు మీదనుంచి చూపు తిప్పలేదు. కట్టు తెల్లగానే ఉండిపోయింది. జావ మొదలుపెట్టారు. జావ దిగింది. అప్పుడు సర్జన్ గారు తన మాట నిలబెట్టుకోవాల్సిన పొద్దు వచ్చింది.

భార్య రాగి సంగటి మెత్తగా చేసి తెచ్చింది. సర్జన్ గారు మంచం పక్కన కూర్చుని జాగ్రత్తలు చెప్పడం మొదలుపెట్టారు. "ఇదివరకటిలా మింగకూడదు. కొంచెం కొంచెం తీసుకుని బాగా నమలాలి."

ఆలుమగలు ఇద్దరూ ఆయన ముఖం వైపు, తర్వాత నా ముఖం వైపు చూశారు. సంగటి నమలమని ఎవరన్నా చెప్పగా వాళ్ళు పుట్టి ఎరగరు.

"నమిలేదాన్నేమో ముట్టద్దంటిరి. మింగేదాన్నేమో నమలమంటిరి" అన్నాడు కాపరి. "ఏం సదువు సార్ మీది?"

"నువ్వు కాసేపు నోరు మూసుకోయప్పా" అని భార్య కసిరింది. "నేను గొర్రె పిక్కలంత ఉండలు జేసి పెడతా సార్. నమిలినా నమలకపోయినా దిగుతాది." గొర్రె పిక్కలంటే పెంటికలని నేను సర్జన్ గారి చెవిలో చెప్పాను. ఆయన ముఖం ముడుచుకుని, సైజు సరిపోతుందని ఒప్పుకున్నాడు.

ఆ సంగతి తరువాత నేను నా ప్రశ్న మార్చుకున్నాను. తిన్యావా, తాగినావా, ఏసుకున్యావా, సప్పరించినావా, బుగ్గన పెట్టుకున్యావా అని పాఠం అప్పజెప్పినట్టు అడుగుతాను, ఆ తర్వాత నోరు తెరవమంటాను. మీరూ అలాగే అడగండి. మీ ఊళ్ళో ఇంకేం మాట ఉందో కనుక్కుని అది కూడా కలుపుకోండి.

సరే, సంగటి. ఆమె చిన్న ఉండ ఒకటి చేసి, పప్పులో అద్ది, ఆయన నోట్లో పెట్టింది. ఆయన రెండుసార్లు నమిలాడు, మా సర్జన్‌కు మర్యాద చెయ్యడానికన్నట్టు. కళ్ళు మూసుకున్నాడు. గొంతు కదిలింది. చెయ్యి తీసుకుపోయి రొమ్ము మధ్యలో, మొదట ముద్ద నిలబడిన చోట పెట్టుకున్నాడు. పక్క మంచాలవాళ్ళు కూడా మాటలాపి చూస్తున్నారు. భార్య వేళ్ళకు అంటిన సంగటి అలాగే ఉంది. ఆయన కదల్లేదు, కళ్ళు తెరవలేదు. నిట్టూర్చాడు.

"పాయ" అన్నాడు.

సర్జన్ గారు ఎగిరిపడి లేచి ఆయన నాడి పట్టుకున్నారు. "ఏం పోయింది? ఏమైంది? మేడం, ఏం పోయిందట?"

కాపరి ఒక కన్ను తెరిచాడు.

"సంగటి సార్. లోపలికి పాయ."

భార్య నవ్వుతూ ఏడుస్తూ అప్పటికే రెండో ఉండ చేస్తోంది.